నెలకు గజంన్నర

సాగర్ రోడ్డు మీద బొంగ్లూర్ గేటు దాటిన దగ్గర్నుంచి ఇబ్రహీంపట్నం దాకా రోడ్డుకు రెండు పక్కలా ఎక్కువగా కనిపించే బోర్డులు రెండు రకాలు. కొన్ని ఇంజినీరింగ్ కాలేజీలవి, కొన్ని వెంచర్లవి. పిల్లల చదువుకు మొదటివి, పెద్దల ముసలితనానికి రెండోవి అన్నట్టుంటుంది ఇక్కడి జనం లెక్క. ఉద్యోగం అయిపోయాక ఇల్లెట్లా నడుస్తుందని ఈ చుట్టుపక్కల ఎవరిని అడిగినా, లెక్చరరైనా ఆర్టీసీ కండక్టరైనా కిరాణా కొట్టు యజమానైనా, ఎక్కువగా వచ్చే జవాబు ఒక్కటే. "ప్లాటుంది కదా!"

ఆ ధీమా ఊరికే వచ్చింది కాదు. ఔటర్ రింగురోడ్డు వచ్చింది. ఆదిభట్లకు టీసీఎస్ వచ్చింది. అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారుచేసే టాటా బోయింగ్ ప్లాంటు 2018లో మొదలైంది. రంగారెడ్డి జిల్లా కలెక్టరేట్ 2022 ఆగస్టులో కొంగరకలాన్‌కు మారింది. 2025లో ఏర్పడిన ఫ్యూచర్ సిటీ డెవలప్‌మెంట్ అథారిటీ పరిధిలోకి ఇబ్రహీంపట్నం మండలంలోని కొన్ని గ్రామాలు కూడా చేరాయి. ఒక్కో కబురుకూ గజం ధర ఒక్కో మెట్టెక్కింది. ఇరవై ఏళ్ల కింద చిట్టీ ఎత్తి ఆ పైసలతో రెండొందల గజాలు కొన్న మనిషి ఇప్పుడు తన తెలివికి తాను మురిసిపోతే తప్పుపట్టేదేమీ లేదు.

అయితే ఆ జవాబులో ఒక అంకె లేదు. నెలకు ఎంత కావాలి, ఎన్నేళ్లు కావాలి అన్న అంకె. బిడ్డ పెళ్లికి ఎంతవుతుందో తులాలతో సహా చెప్పగలిగిన ఇల్లు, కొడుకును అమెరికాలో ఎంఎస్‌కు పంపడానికి ఎంత అప్పు తేవాలో లక్షల్లో చెప్పగలిగిన ఇల్లు, తమ చివరి ముప్పై ఏళ్ల ఖర్చు మాత్రం లెక్కవేయదు. పెళ్లి ఒక్క రోజు. ఎంఎస్ రెండేళ్లు. విరమణ తర్వాతి బతుకు, దంపతులిద్దరినీ కలిపి చూస్తే, ఉద్యోగం చేసినంత కాలానికి కాస్త తక్కువ.

లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి? వంటింట్లో. ఎంత ఆస్తి ఉందన్న దగ్గర మొదలుపెడితే ఎంతున్నా చాలనిపిస్తుంది, లేదా ఎంతున్నా భయమేస్తుంది. నెలకు ఇల్లు నడవడానికి ఎంతవుతుందన్న దగ్గర మొదలుపెడితే అంకె దానంతటదే తేలుతుంది.

కేంద్ర గణాంక శాఖ 2023-24లో జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం తెలంగాణ పట్టణాల్లో ఒక్కో మనిషి నెల ఖర్చు సగటున 8,978 రూపాయలు, పల్లెల్లో 5,435. దేశం మొత్తమ్మీద పట్టణాల సగటు 6,996, పల్లెల సగటు 4,122. అంటే ఖర్చులో మనం దేశం కంటే ముందున్నాం. పట్టణ లెక్కన ఇద్దరు మనుషులకు 18 వేలు. ఇది అన్ని వయసులవాళ్లనూ కలిపిన సగటు. బీపీ, షుగర్ మాత్రలు, మోకాళ్ల నొప్పులు, ఇంటి మరమ్మతులు, పండక్కి ఇంటికొచ్చే బిడ్డా అల్లుడూ, మనవళ్ల పుట్టినరోజులు కలుపుకుంటే సొంతిల్లున్న దంపతులకు 30 వేలు దుబారా ఏమీ కాదు.

ఇక్కడొక ఊహా కుటుంబాన్ని తీసుకుందాం. శేరిగూడ పక్కన ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే లెక్చరర్. వయసు 40. భార్యకు 35. సొంతిల్లుంది. పిల్లల ఫీజులు, ఇంటి లోను కిస్తీ పక్కన పెడితే ఇప్పుడు నెలకు 30 వేలతో ఇల్లు నడుస్తోంది. అరవైకి పని మానేస్తాడు.

ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుందాం. రిజర్వు బ్యాంకు లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు. అందులో పై అంచును పట్టుకోవడం భద్రం. ముసలివాళ్ల ఖర్చులో వైద్యం వాటా పెరుగుతూ పోతుంది కనుక అదే న్యాయం కూడా. 6 శాతం పెరుగుదల అంటే పన్నెండేళ్లకు ధర రెట్టింపు, ఇరవై ఏళ్లకు 3.2 రెట్లు. ఈరోజు 30 వేలకు నడిచే ఇల్లే, అదే బియ్యం అదే పప్పు అదే కరెంటుతో, ఆయన అరవయ్యో ఏట 96 వేలకు నడుస్తుంది.

ఈ అంకె వినగానే చాలామంది లెక్క ఆపేస్తారు. ఆపాల్సిన అవసరం లేదు. భయం పోవాలంటే నేటి రూపాయల్లోనే లెక్క వేసి, చివర్లో ఒక్కసారి 3.2తో హెచ్చవేస్తే సరిపోతుంది.

మరి ఎన్నేళ్లకు? మన దేశంలో అరవై దాటిన మనిషి సగటున మరో 18 ఏళ్లు బతుకుతాడని జనన మరణాల నమూనా సర్వేలు చెబుతున్నాయి. దాంతో 78 వరకు చూసుకుంటే చాలనుకోవడం పెద్ద పొరపాటు. సగటు అంటేనే, ఆ గీత దాటి బతికేవాళ్లు ఎందరో ఉంటారని అర్థం. ఆడవాళ్ల ఆయుష్షు మగవాళ్ల కంటే ఎక్కువ. మన ఇళ్లలో భార్య వయసులో చిన్నది కూడా. లెక్చరర్‌కు అరవై వచ్చేనాటికి ఆమెకు యాభై ఐదే. ఆమెకు 85 వచ్చేదాకా చూడాలంటే ముప్పై ఏళ్లు కావాలి. మగవాళ్లు తమ వయసుతో వేసుకునే లెక్కల్లో ఆ చివరి ఏళ్లు, ఇంట్లో ఒంటరిగా మిగిలే ఆడమనిషివి, ఎప్పుడూ ఎగిరిపోతాయి. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే బాధ కలిగించే తప్పు ఇదే.

ముప్పై ఏళ్లంటే 360 నెలలు. నెలకు 30 వేల చొప్పున కోటీ ఎనిమిది లక్షలు. దాచిన డబ్బు మీద వచ్చే వడ్డీ, పన్ను పోగా, ధరల పెరుగుదలను మాత్రమే తట్టుకుంటుందన్న జాగ్రత్తతో వేసిన లెక్క ఇది. ఏడాది ఖర్చుకు ముప్పై రెట్లు.

అమెరికాలో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు 1994లో ఇలాంటి లెక్కే ప్రచురించాడు. దాచినదాంట్లో మొదటి ఏడాది 4 శాతం తీసి, తర్వాత ధరలతో పాటు ఆ మొత్తాన్ని పెంచుకుంటూ పోతే ముప్పై ఏళ్లు డబ్బు తరగకుండా నిలుస్తుందని అక్కడి షేర్లు, బాండ్ల పాత చరిత్రను 1926 నుంచి తిరగేసి తేల్చాడు. అంటే ఏడాది ఖర్చుకు 25 రెట్లు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు కుర్రాడు ఊళ్లో నాన్నకు ఫోన్ చేసి చెప్పే "పాతిక రెట్లు" సూత్రం అక్కడి నుంచి వచ్చిందే. అది ఆ దేశపు మార్కెట్ల చరిత్ర మీద, ఆ దేశపు ధరల మీద కట్టిన లెక్క. ధరలు మరింత వేగంగా పెరిగే చోట, దాచుకున్నదాంట్లో ఎక్కువ భాగం ఎఫ్‌డీలూ పోస్టాఫీసుల్లో ఉండే చోట, ముప్పై రెట్లు అనుకోవడమే క్షేమం.

ఇప్పుడు ఆ కోటీ ఎనిమిది లక్షల్లోంచి తప్పకుండా వచ్చేవి తీసేద్దాం. లెక్చరర్‌కు పీఎఫ్ ఉంది. చాలా ప్రైవేటు సంస్థల్లో జీతం ఎంతున్నా పీఎఫ్ కట్టేది 15 వేల పరిమితి మీదే. యజమాని కట్టే 12 శాతంలో 8.33 శాతం ఈపీఎస్ అనే పెన్షన్ పథకానికి పోతుంది. ఆ పెన్షన్ సూత్రం సులువైనదే. పెన్షన్‌కు లెక్కించే జీతాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చవేసి 70తో భాగించాలి. 33 ఏళ్లు పనిచేస్తే బోనస్‌గా రెండేళ్లు కలిపి 35. 15 వేలను 35తో హెచ్చవేసి 70తో భాగిస్తే 7,500. దాదాపు ఒక జీవితకాలం పనిచేస్తే అందే పెన్షన్ అంత. దానికి కరువు భత్యం లేదు. ఈ లెక్చరర్ అరవయ్యో ఏట అందుకునే 7,500కు నేటి లెక్కన విలువ 2,340 రూపాయలు. ఆ తర్వాత ఏటా అది ఇంకా కరిగిపోతుంది. ఆయన పోతే భార్యకు అందులో సగం.

ఇక పీఎఫ్ మొత్తం. 15 వేల మీద ఉద్యోగి వాటా, యజమాని వాటాలో మిగిలింది కలిపి నెలకు 2,350. 2024-25కు ప్రకటించిన 8.25 శాతం వడ్డీయే ఇరవై ఏళ్లూ కొనసాగితే చేతికొచ్చేది సుమారు 14 లక్షలు. వినడానికి బాగుంది. నేటి విలువలో నాలుగున్నర లక్షల లోపు. ఉద్యోగం మారినప్పుడల్లా పీఎఫ్ విత్‌డ్రా చేసి బండో ఫ్రిజ్జో కొనేవారికి అదీ మిగలదు.

ఈ రెండూ తీసేసినా, నేటి రూపాయల్లో కనీసం 95 లక్షలు ఇంకా కావాలి. ఇరవై ఏళ్ల తర్వాతి రూపాయల్లో మూడు కోట్లు. "రిటైరయ్యేనాటికి చేతిలో కోటి ఉంటే చాలు" అన్న మాట పెళ్లిళ్లలో, టిఫిన్ సెంటర్ల దగ్గర తరచూ వినిపిస్తుంది. ఈరోజు రిటైరయ్యే మనిషికి ఆ మాట ఇంచుమించు నిజం. ఇరవై ఏళ్ల తర్వాత రిటైరయ్యే మనిషికి ఆ కోటి నేటి 31 లక్షలతో సమానం. ఎనిమిదేళ్ల ఎనిమిది నెలల్లో అయిపోతుంది.

ఇప్పుడు ప్లాటు దగ్గరకు వద్దాం.

గజం 20 వేలు అనుకుందాం. లెక్క కోసమే, ఫలానా వెంచర్ ధర అని కాదు. రెండొందల గజాలకు 40 లక్షలు. నెలకు 30 వేల ఖర్చంటే నెలకు గజంన్నర. ఏడాదికి పద్దెనిమిది గజాలు. సరుకుల ధరలతో సమానంగా భూమి ధర కూడా పెరుగుతూ పోతే, రెండొందల గజాలు పదకొండేళ్లలో తినేస్తారు. మన లెక్చరర్‌కు అప్పటికి 71, భార్యకు 66. ముప్పై ఏళ్లకు కావలసింది 540 గజాలు. భూమి అంతకంటే వేగంగా పెరిగితే తక్కువ గజాలు చాలు, పెరగకపోతే ఎక్కువ కావాలి. ఈ ప్రాంతంలో చాలా ఇళ్లలో ఎవరూ వేయని లెక్క ఇది. మూడో తరగతి భాగహారంతో అయిపోతుంది.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. గజంన్నర చొప్పున ప్లాటును ఎవరూ కొనరు. అమ్మితే మొత్తం అమ్మాలి, లేకపోతే మొత్తం ఉంచుకోవాలి. ఖాళీ జాగ అద్దె ఇవ్వదు. పైగా ఎవరైనా కబ్జా పెడతారేమోనని ప్రహరీ కట్టుకోవాలి, ఆరు నెలలకోసారి పోయి చూసుకోవాలి. డెబ్భై ఐదేళ్ల మనిషికి అదొక పని. కొనేవాడు అడిగే ప్రశ్నలు కూడా మారిపోయాయి. లేఅవుట్‌కు అనుమతి ఉందా? 2020లో పెట్టుకున్న లేఅవుట్ క్రమబద్ధీకరణ (ఎల్ఆర్ఎస్) దరఖాస్తు తేలిందా? చెరువు నిండు నీటి హద్దు (ఎఫ్‌టీఎల్) లోపల లేదు కదా? పాత భూ రికార్డుల పోర్టల్ ధరణిలో ఉన్న పేరే 2025 ఏప్రిల్‌లో వచ్చిన భూభారతిలోనూ ఉందా? ఇవన్నీ సరిగ్గా ఉన్నా మార్కెట్ పడుకున్న ఏడాదిలో ఆసుపత్రి అవసరం వస్తే, చెప్పిన ధర ఒకటి, చేతికొచ్చే ధర ఒకటి. లాభం మీద పన్ను కూడా ఉంటుంది. 2024 జూలై 23 నుంచి అమ్మిన భూమి దీర్ఘకాల లాభం మీద అది 12.5 శాతం. అంతకు ముందు కొన్నదైతే పాత పద్ధతిలో ఇండెక్సేషన్‌తో 20 శాతం లెక్కవేసి, ఏది తక్కువైతే అది కట్టే వెసులుబాటు ఉంది.

లెక్కకు అందని సంగతి ఇంకొకటి. ప్లాటు అమ్మడం డబ్బు వ్యవహారంగా ఉండదు, కుటుంబ వ్యవహారం అవుతుంది. "అది తమ్ముడి పేరు మీద రాస్తానన్నావు కదా నాన్నా" అన్న మాట దగ్గర ఎన్నో ప్లాట్లు ఆగిపోయి ఉన్నాయి. తనకు అన్నం పెట్టాల్సిన ఆస్తిని పిల్లలకు ఇవ్వాల్సిన ఆస్తిగా మనసులో రాసేసుకున్న తండ్రికి నిజానికి ఆ ప్లాటు లేనట్టే. ఒకే ప్లాటును రెండు ఖాతాల్లో, పిల్లల ఖాతాలోనూ తన వృద్ధాప్యం ఖాతాలోనూ, జమ చేసుకోకూడదు.

దీని అర్థం ప్లాటు పనికిరాదని కాదు. అది ఎప్పుడు డబ్బుగా మారుతుందో ముందే రాసి పెట్టుకోవాలి. 58కే అమ్మి నెలనెలా వచ్చే దాంట్లో పెడతామా? దాని మీద రెండు గదులు కట్టి అద్దెకిస్తామా? ఆదిభట్ల, మంగల్‌పల్లి వైపు ఉద్యోగులూ విద్యార్థులూ ఉన్నచోట కట్టిన గది అద్దె తెస్తుంది. ఖాళీ జాగ తేదు. తేదీ రాయని ప్లాటు విరమణ లెక్కలోకి రాదు.

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు ఇంతకు ముందే ఈ లెక్కను నేర్పింది. పదహారో శతాబ్దంలో, ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో కట్టిన చెరువది. వానలు లేని ఏళ్లలో అడుగంటిందీ, నిండిన ఏడు మత్తడి దూకిందీ ఊళ్లో పెద్దలకు తెలుసు. చెరువు కింద సాగు చేసిన ఊళ్లలో నీళ్లు వదిలే నీరటికి తెలిసిన విద్య ఒకటుంది. చెరువులో ఎంత నీరుందో చూసి, పంట చేతికొచ్చేదాకా తూమును ఎంత ఎత్తాలో నిర్ణయించడం. నిండుగా ఉంది కదా అని తూము పూర్తిగా ఎత్తేస్తే పొట్ట మీదున్న పైరు ఎండుతుంది. ఇంకో సంగతి కూడా ఆయన మరవడు. పొలానికి వదిలిన నీళ్లే కాదు, ఎండ తాగే నీళ్లు కూడా లెక్కలో ఉండాలి.

ఆ ఎండ మన లెక్కలో ధరల పెరుగుదల. అరవై దాటినవాళ్ల కోసం ఉన్న సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతం వడ్డీ ఇస్తోంది. గరిష్ఠ పరిమితి 30 లక్షలు. అంతా పెడితే మూడు నెలలకు 61,500, నెలకు 20,500 చేతికొస్తాయి. మంచి పథకం, అందులో అనుమానం లేదు. అయితే ఆ 20,500 మొత్తం ఖర్చు పెట్టుకుంటే, 6 శాతం పెరిగే ధరల కింద అసలు ఎండిపోతూ ఉంటుంది. 8.2లో 6 పోతే మిగిలేది 2.2 శాతం, నెలకు 5,500. నిజంగా మనది అంతే. మిగతా 15 వేలు ఎండ తాగేది. అసలు కూడా కాస్త కాస్త తీసుకుని ముప్పై ఏళ్లకు సర్దుకోవచ్చు, తప్పు కాదు. తీసుకుంటున్నామన్న సంగతి మాత్రం తెలిసి ఉండాలి.

ఇదే మండలంలో ఒకే ప్రభుత్వ బడి స్టాఫ్ రూములో కూర్చునే ఇద్దరు టీచర్ల లెక్కలు కూడా ఒకటి కావు. 2004 సెప్టెంబరు 1కి ముందు చేరిన ఆయనకు పాత పెన్షన్. పూర్తి సర్వీసుంటే చివరి మూల వేతనంలో సగం, ధరలతో పాటు పెరిగే కరువు భృతి. ఆయన ఇంటి ఖర్చులో పెద్ద భాగానికి ఆ పెన్షనే సరిపోవచ్చు. ఆ తేదీ తర్వాత చేరిన పక్క కుర్చీ ఆమెకు సీపీఎస్ అనే చందా పెన్షన్. తన వాటా 10 శాతం, సర్కారు వాటా 10 శాతం, మార్కెట్లో పెరిగినంత. ఇద్దరూ ఒకే పాఠం చెబుతారు. కానీ ఆమె ముప్పై రెట్ల లెక్క వేసుకోవాలి, ఆయనకు అంత అక్కర్లేదు. ఒకరిని చూసి ఒకరు ధీమా పడకూడదు. పాత పెన్షన్ వాళ్లు కూడా ఏడాది ఖర్చు చేతిలో విడిగా ఉంచుకోవాలి. విరమణ ప్రయోజనాలు సకాలంలో అందలేదని 2024, 2025లలో ఎందరో రిటైర్డ్ ఉద్యోగులు హైకోర్టు మెట్లెక్కిన రాష్ట్రం ఇది.

ఆసుపత్రి ఖర్చును నెల ఖర్చులో కలపకూడదు. దానికి వేరే మూట కావాలి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. 2024 అక్టోబరు నుంచి డెబ్భై ఏళ్లు దాటినవారికి, ఆదాయంతో పనిలేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏటా 5 లక్షల రక్షణ ఉంది. వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారు. కంపెనీ ఇచ్చే బీమా కంపెనీ గేటు దాటగానే ఆగిపోతుంది కనుక, నలభైల్లోనే సొంత పాలసీ తీసుకోవాలి. షుగర్ వచ్చాక తీసుకుంటే ప్రీమియం పెరుగుతుంది, వెయిటింగ్ పీరియడ్ పెడతారు.

ఇంతదాకా చెప్పింది జీతం ఉన్నవాళ్ల సంగతి. ఇబ్రహీంపట్నం బస్టాండు బయట ఆటో తోలే మనిషికి, కూరగాయల గంప పెట్టుకునే ఆమెకు, వెంచర్లలో కంకర మోసే కూలీకి ఏముంది? అటల్ పెన్షన్ యోజన ఉంది. 2015లో మొదలైంది. పాతికేళ్ల వయసులో చేరి నెలకు 376 రూపాయలు కడితే అరవై తర్వాత నెలకు 5 వేలు ఖాయం. హామీ ఉన్న పథకం, పన్ను కట్టే ఆదాయం లేనివాళ్లు తప్పక చేరాలి. కానీ ముప్పై ఐదేళ్ల తర్వాత వచ్చే ఆ 5 వేలు, 6 శాతం లెక్కన, నేటి 650 రూపాయలు. గ్యాసు సిలిండరుకు కూడా చాలవు. పెన్షన్ అంకెను ధరలతో ముడిపెట్టని పథకం పేదవాడికి ఇచ్చే హామీ సగమే.

ఈపీఎస్‌ది ఇంకా పెద్ద అన్యాయం. కనీస పెన్షన్ వెయ్యి రూపాయలని 2014 సెప్టెంబరు 1న నిర్ణయించారు. అప్పుడు వెయ్యికి వచ్చిన సరుకులు కొనాలంటే 2025లో, వినియోగదారుల ధరల సూచీ ప్రకారం, 1,600 పైన కావాలి. తెలంగాణలో ఒక్క రూపాయి చందా లేకుండా పేద వృద్ధులకు ఇచ్చే ఆసరా పెన్షన్ 2019లోనే 2,016 అయింది. ఆసరా ఎక్కువని ఎవరూ అనలేరు, అది ఇంకా పెరగాల్సిందే. ఏళ్ల తరబడి జీతంలోంచి కోత పడిన కార్మికుడి కనీస పెన్షన్ దాంట్లో సగం కూడా లేకపోవడమే తలదించుకోవాల్సిన విషయం. ఆర్టీసీలో పనిచేసి దిగిపోయిన డ్రైవర్లూ కండక్టర్లూ బతుకుతున్నది ఈ ఈపీఎస్ మీదే. పూర్తి జీతం మీద లెక్కించే అధిక పెన్షన్ గురించి సుప్రీంకోర్టు 2022 నవంబరు 4న తీర్పు ఇచ్చాక కూడా వాళ్ల కాగితాల తిరుగుడు అయిపోలేదు. కనీసం 7,500, దాని మీద కరువు భత్యం అని ఈపీఎస్ పెన్షనర్ల సంఘాలు అడుగుతున్నది దయ కాదు. మనిషికి కావలసింది ఎంతో లెక్కవేసి అడుగుతున్నారు.

భద్రత విషయంలో ఒక్క మాట. ఎక్కువ వడ్డీ ఆశతో పోగొట్టుకున్న డబ్బు మళ్లీ సంపాదించుకునే వయసు అరవై కాదు. డిపాజిట్లు సేకరించి మునిగిన అగ్రిగోల్డ్ కంపెనీలో చిక్కుకున్న లక్షల మంది డిపాజిటర్లలో ఎందరికి అది ముసలితనం కోసం దాచుకున్న సొమ్మో తెలుగు రాష్ట్రాలు మరచిపోకూడదు. బ్యాంకు 7 ఇచ్చేచోట 24 ఇస్తానన్న మనిషికి, ప్రీ లాంచ్‌లో సగం ధరకే ఫ్లాటన్న మనిషికి, రిజిస్టర్ కాని చిట్టీ నడిపే పక్కింటాయనకు, విరమణ డబ్బు ఇవ్వకూడదు.

ఈ నెల మొదటి తారీఖున ఇంట్లో భార్యాభర్తలిద్దరూ కలిసి కూర్చుని ఒక నోటు పుస్తకంలో నాలుగే అంకెలు రాయాలి. ఇప్పటి నెల ఖర్చు. రిటైరయ్యాక తప్పకుండా వచ్చే నెల పెన్షన్, నేటి విలువలో. ఆ రెండిటి తేడాను 360తో హెచ్చవేసిన మొత్తం. ఇప్పటికే దాచినది, ప్లాటును అమ్మే తేదీతో సహా. చివరి అంకె మూడోదానికి ఎంత దూరంలో ఉందో చూసుకుంటే ఇకపై నెలకు ఎంత పక్కన పెట్టాలో తెలుస్తుంది. ఆమె లేకుండా ఈ లెక్క వేయవద్దు. ఎక్కువ ఏళ్లు ఆ డబ్బుతో బతికేది ఆమే.

అంకె పెద్దదని పుస్తకం మూసేయవద్దు. ఏటా 10 శాతం పెరుగుతుందనుకుంటే, అది హామీ కాదు గానీ, అరవైకి, అప్పటి రూపాయల్లో, ఒక్కో కోటి చేరాలంటే ముప్పయ్యో ఏట మొదలుపెట్టినవాళ్లు నెలకు సుమారు 4,400 పెట్టాలి. నలభయ్యో ఏట మొదలుపెడితే 13,200. యాభయ్యో ఏట అయితే 48,800.